ఇస్తినమ్మ వాయనం: ఇస్తానా, ఇచ్చానా?

ప్రశ్న:
ఇద్దరు రచయితలు ఒకరి పుస్తకాన్ని ఒకరు పొగుడుకున్నా, రెండు సంఘాలు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నా "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అని వెక్కిరిస్తాం కదా. వరలక్ష్మీ వ్రతం రోజు మా ఇంట్లో అదే మాట భక్తిగా అంటుంటే డౌటొచ్చింది. "ఇస్తిని" అంటే ఇస్తున్నాననా, ఇస్తాననా, ఇచ్చాననా? మా అమ్మాయి "ఇస్తానమ్మ వాయనం" అనేసింది, ఎవరూ పట్టించుకోలేదు. ఏది సరైనదండీ?

జవాబు:
ఇచ్చాననే. అది భూతకాలం. "ఇచ్చు"కి నేను అనే కర్త చేరితే పాత తెలుగులో "ఇచ్చితిని". అదే నోట్లో నలిగి "ఇస్తిని" అయింది, "వచ్చితిని" కాస్తా "వస్తిని" అయినట్టు. "పుచ్చుకుంటిని" కూడా అంతే, పుచ్చుకున్నాను అని. చివరి "ని"లో ఉన్న ఇకారం "అమ్మ" ముందు లోపించి "ఇస్తినమ్మ" అయింది. మనం బళ్ళో చదువుకున్న ఇత్వ సంధే.

అందుకే "ఇస్తానమ్మ" అంటే కాలమే మారిపోతుంది. ఇస్తాను అన్నది మాట ఇవ్వడం. ఆవిడ ఇంకా ఇస్తానంటుంటే ఈవిడ పుచ్చుకున్నానంటే ఎట్లా కుదురుతుంది? అమ్మాయిని కోప్పడకండి గానీ, తేడా చెప్పండి.

ఇంకొకరు:
మీరంతా దీన్ని పాత తెలుగు అంటున్నారు. మా రాయలసీమలో ఇది ఇప్పటి తెలుగే. "అప్పుడే వస్తివా?" అంటే వచ్చావా అని. "పొద్దున్నే వస్తిని, ఆయప్పకు లెక్క ఇస్తిని" అంటే వచ్చాను, డబ్బు ఇచ్చాను అని. కోస్తా నుంచి వచ్చిన కొత్త కోడలు ఇది విని, ఎవరో ఏదో ఇవ్వబోతున్నారనుకుని ఎదురుచూస్తుంది! వాయనం మాట మాత్రం మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

జవాబు:
బాగా చెప్పారు. పూజలో చిక్కుకుపోయిన మాట అనుకున్నది ఒక ప్రాంతంలో రోజూ తిరుగుతూనే ఉందన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంకా చేతిలో ఉన్న పళ్ళేన్ని "ఇచ్చాను" అనడమేమిటి? ఆ క్షణం ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పళ్ళెంలో నానబెట్టిన శనగలు, తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, రవికె గుడ్డ. ఇచ్చేవాళ్ళు తమ కొంగు దాని మీద కప్పి పట్టుకుంటారు, పుచ్చుకునేవాళ్ళు చెంగు చాపుతారు. అప్పటికే పాదాలకు పసుపు రాయడం, బొట్టు పెట్టడం, గంధం పూయడం అయిపోయి ఉంటాయి. మాట జరుగుతున్నంతసేపూ పళ్ళెం ఇద్దరి చేతుల మధ్యే ఉంటుంది. అయినా అనేది "ఇచ్చాను" అనే. బయట ఆటో వాడు హారన్ కొడుతుంటే ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూ "వచ్చేశా, వచ్చేశా" అని అరుస్తామే, ఆ వాడుక లాంటిదే ఇది. తప్పకుండా జరిగిపోయే పనిని తెలుగు జరిగిపోయినట్టే చెబుతుంది.

సంస్కృతంలో దానం చేసేటప్పుడు "తుభ్యమహం సంప్రదదే న మమ" అంటారు. నీకు ఇస్తున్నాను, ఇది నాది కాదు అని. అక్కడ క్రియ వర్తమానంలో ఉంది కాబట్టి, నాది కాదని విడిగా చెప్పాల్సి వచ్చింది. తెలుగులో ఇచ్చేశాను అన్నాక "నాది కాదు" అని వేరే చెప్పక్కర్లేకుండా పోయింది. ఇది నా ఊహే అనుకోండి, కానీ నాకు నచ్చిన ఊహ.

ఇక వెక్కిరింత సంగతి. మనం ఎగతాళికి వాడేది మొదటి రెండు ముక్కలే. మిగతాది మర్చిపోయాం. చాలా ఇళ్ళలో ఆ సంభాషణ ఇలా సాగుతుంది:

"ఇస్తినమ్మ వాయనం."
"పుచ్చుకుంటినమ్మ వాయనం."
"ముమ్మాటికీ ఇస్తినమ్మ వాయనం."
"ముమ్మాటికీ పుచ్చుకుంటినమ్మ వాయనం."
"నా వాయనం అందుకున్నదెవరు?"
"నేనే, వరలక్ష్మీదేవిని."
"అడిగితినమ్మ వరం."
"ఇస్తినమ్మ వరం."

శ్రావణ మంగళవారాల నోములో అయితే "మంగళగౌరిని" అంటారు. అట్లతద్ది వాయనంలో పార్వతీదేవి వస్తుంది. చూశారా, చివరికొచ్చేసరికి "ఇస్తిని" అనే మాట ఇటు నుంచి అటు వెళ్ళింది. శనగలు ఇచ్చినావిడే అడిగేదైంది, పుచ్చుకున్నావిడ ఇచ్చేదైంది. అంతవరకు పక్కింటి పిన్నిగారు. ఆ ఒక్క నిమిషం లక్ష్మీదేవి. మళ్ళీ వెంటనే "కాఫీ తాగి వెళ్ళండి పిన్నిగారూ" అంటాం, అది వేరే సంగతి. ఒకరి శాలువాకి ఇంకొకరి శాలువా చెల్లువేయడానికీ దీనికీ పోలికే లేదు.

ఈ భావం వ్రతకల్పంలో వాయనం ఇచ్చేటప్పుడు చదివే శ్లోకంలోనూ ఉంది:

ఇందిరా ప్రతిగృహ్ణాతు ఇందిరా వై దదాతి చ
ఇందిరా తారకోభాభ్యాం ఇందిరాయై నమో నమః

పుచ్చుకునేదీ ఇందిరే, ఇచ్చేదీ ఇందిరే, ఇద్దరినీ తరింపజేసేదీ ఇందిరే. వినాయక చవితి వాయనానికి ఇదే అచ్చులో "గణేశః ప్రతిగృహ్ణాతి" అని చదువుతారు. శ్లోకం అర్థం చెప్పమంటే చాలామంది పుస్తకం తిరగేస్తారు గానీ, తెలుగు సంభాషణలో దాన్ని నాటకంలా ఆడి చూపిస్తున్నామని గమనించరు.

"ముమ్మాటికీ" అన్నది కూడా చూడండి. ఇప్పుడు "ముమ్మాటికీ తప్పే" అంటే కచ్చితంగా తప్పే అని. ఇక్కడ మాత్రం అది నిజమైన లెక్క. మాటు అంటే సారి, ముమ్మాటు అంటే మూడుసార్లు, ముమ్మారు లాగే. కొన్ని ఇళ్ళలో ప్రతి ముక్కనీ నిజంగానే మూడుసార్లు అనిపిస్తారు.

ఇంకొకరు:
వెక్కిరింతను మరీ అంత తీసిపారేయకండి. అందులో నిజం లేకపోలేదు! శ్రావణ మాసంలో రవికె గుడ్డల ప్రయాణం తెలీని ఇల్లుందా? కుట్టించుకోవడానికి చాలని ఆ పీసు బీరువాలో మడత విప్పకుండా ఉండి, మూడు పేరంటాలు తిరిగి, మొదట ఇచ్చినావిడ చెంగులోకే వచ్చి పడుతుంది. శనగలు గుగ్గిళ్ళయి, వడలయి, చివరికి ఎవరూ ముట్టని స్థితికి వస్తాయి. ఆ సామెత పుట్టింది అక్కడి నుంచే.

జవాబు:
రవికె గుడ్డల విషయంలో నేను లొంగిపోయాను. ఎగతాళి మాటకి మూలం అదే అయ్యుంటుంది. పైగా "ఇచ్చిపుచ్చుకోవడం" అన్న మాటలో ఉన్నవీ ఈ రెండు క్రియలే. పెళ్ళి సంబంధాలకూ వాడతాం, పార్టీల పొత్తులకూ వాడతాం. "పుచ్చుకొను" ఒక్కటే తీసుకున్నా, దక్షిణ పుచ్చుకుంటారు, మంత్రోపదేశం పుచ్చుకుంటారు, లంచమూ పుచ్చుకుంటారు. "కాఫీ పుచ్చుకుంటారా" అని మర్యాదగా అడిగే పెద్దవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. "తీసుకుంటినమ్మ వాయనం" అని మాత్రం ఎక్కడా వినలేదు, వింటే చెవికి గుచ్చుకుంటుంది.

ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ఈ వాయనం ముత్తైదువలకే అన్న నియమం ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. సంభాషణలో మాత్రం ఆ మాట లేదు, ఉన్నది "అమ్మ" ఒక్కటే. కోడలు అత్తగారిని అన్నా అమ్మే, అత్తగారు కోడల్ని అన్నా అమ్మే. భర్త లేని తల్లిని గదిలో కూర్చోబెట్టి వీధిలో వాళ్ళకి పళ్ళేలు పంచేవాళ్ళు ఆ "అమ్మ" ఎవరో ఒకసారి ఆలోచించుకోవచ్చు.

మొదట అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఇంకొక్కటి. మా తోడికోడలూ నేనూ ఒకే పీట మీద కూర్చుని వ్రతం చేసుకుంటాం, వాయనం పళ్ళెం కూడా ఒకటే. అప్పుడు "ఇస్తినమ్మ" అనాలా, వేరేగా అనాలా?

జవాబు:
వ్యాకరణం ప్రకారం మేము ఇచ్చాం కాబట్టి "ఇస్తిమి". "ఇస్తిమమ్మ వాయనం" అనండి, తప్పేమీ లేదు. అటు పుచ్చుకునేది ఒక్కరే కనుక ఆవిడ "పుచ్చుకుంటిని" అనే అంటుంది. మా వైపు మాత్రం ఒకే పళ్ళేన్ని ఇద్దరూ పట్టుకుని ఎవరికి వాళ్ళు విడిగా "ఇస్తినమ్మ" అంటారు. వరం అడిగేటప్పుడు ఎవరిది వాళ్ళే అడుక్కోవాలి కదా!