ఆదివారం అనంతగిరి అడవిలో మొదటి ట్రైల్ రైడ్: టైర్లలో గాలి ఎంత ఉంచాలి?

రెండేళ్లుగా నా మౌంటెన్ సైకిల్‌ని (ఎంటీబీ) హైదరాబాద్ తార్రోడ్ల మీదే తొక్కుతున్నా (నవ్వకండి). ఇప్పుడు స్నేహితులు వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో 15 కిలోమీటర్ల అడవి బాట అంటున్నారు. సరేనన్నా గానీ లోపల గుబులుగానే ఉంది.

బండి హార్డ్‌టెయిల్ (ముందు చక్రానికే సస్పెన్షన్), 29 అంగుళాల చక్రాలు, ట్యూబ్ టైర్లే. నా బరువు 82 కిలోలు. రోడ్డు మీద 45 పీఎస్ఐ గాలి పెడతా. నిన్న ఇంటి వెనక మట్టిదిబ్బ మీంచి అదే గాలితో దిగబోతే వెనక చక్రం కంకర మీద సర్రున జారింది, మోచెయ్యి గీసుకుపోయింది. 28కి దించమని ఒకరు, అంత తగ్గిస్తే రాయి తగిలి రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి రెండు చోట్ల చిల్లుపడుతుందని ఇంకొకరు. ఎవరి మాట వినను?

ఇంకోటి, డ్రాపర్ సీట్‌పోస్ట్ (తొక్కుతూనే మీట నొక్కి సీటు దించుకునే కడ్డీ) లేదు. ప్రతి దిగుడుకీ ఆగి సీటు దించుకోవాలా, లేక మొదట్నుంచీ రెండు వేళ్లు కిందకి పెట్టేసి తొక్కెయ్యొచ్చా? తుమ్మముళ్లకి ఒక్క స్పేర్ ట్యూబ్ చాలా? హెల్మెట్, గ్లవ్స్ ఉన్నాయి. మోకాళ్లకి ప్యాడ్లు లేనిదే గుమ్మం దాటనివ్వనంటోంది మా ఆవిడ. నిజంగా అవసరమా? ముందురోజు వాన పడితే ఆ ఎర్రమట్టిలో వెళ్లొచ్చా, మానుకోవాలా? అక్కడ తొక్కినవాళ్లు చెప్పండి, ప్లీజ్.