పాత యాన్యువల్ కిట్‌కి రంపం పెట్టడం తప్పా?

చాప్‌శాస్త్రి:
ఫొటోలు పెట్టాను, చూడండి. ఏఎంటీ అనే కిట్ కంపెనీ వాళ్ల 1962 పాంటియాక్ బోన్‌విల్, ప్లాస్టిక్ మోడల్ కారు, 1/25 స్కేల్ (అసలు కారులో ఇరవై అయిదో వంతు). కప్పు నాలుగు మిల్లీమీటర్లు దించాను, అంటే అసలు కారు మీద దాదాపు నాలుగంగుళాలు. డోర్ హ్యాండిళ్లు గీకేసి నున్నగా చేశాను. హెడ్‌లైట్లు కాస్త లోపలికి జరిపాను. ప్రస్తుతానికి ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) మీదే ఉంది. వేరే గ్రూపులో పెడితే ఒకాయన "అరవై ఏళ్ల కిట్‌ని హత్య చేశావు" అన్నాడు. మీరేమంటారు?

పాతపెట్టె:
హత్య అనడం తక్కువే. యాన్యువల్ అంటే ఏమిటో తెలిసే కోశావా? ఆ రోజుల్లో కార్ల కంపెనీలు ఏటా కొత్త మోడల్ దింపేవి, దాని కిట్ కూడా ఆ ఏడాదే వచ్చేది, అదే యాన్యువల్. కిట్ కంపెనీలు చాలావాటికి పాత అచ్చునే దిద్ది మరుసటి ఏడాది మోడల్‌గా మార్చేసేవి. అలా దిద్దిన అచ్చులో పాత బాడీ మళ్లీ పోయడం కుదరదు. ఒకటి కోస్తే లోకంలో ఒకటి తగ్గినట్టే. కప్పు దించాలని అంత సరదాగా ఉంటే '49 మెర్క్యురీ కొనుక్కో. రెవెల్ అనే ఇంకో కంపెనీ వాళ్లు కస్టమ్ కిట్‌లో కప్పు దించే ఇచ్చారు.

స్ప్రూకట్టర్:
కిట్ అన్నాక కట్టరా మరి?

చాప్‌శాస్త్రి:
@పాతపెట్టె గారూ, మీరు చెప్పినదాంట్లోనే జవాబుంది. అచ్చును కోసింది కంపెనీయే, వచ్చే ఏడాది సరుకు అమ్ముకోవడానికి. నేను కోసింది ఒక్క బాడీ. ఇంకోటి, ఏఎంటీ 1958 నుంచే త్రీ ఇన్ వన్ కిట్లు అమ్మింది. స్టాక్‌గా (ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే) కట్టు, కస్టమ్‌గా (నచ్చినట్టు మార్చి) కట్టు, రేసు కారుగా కట్టు, నీ ఇష్టం అని పెట్టె మీదే ఉండేది. అసలు కార్లనే కస్టమ్‌గా మార్చడంలో పేరుమోసిన జార్జ్ బ్యారిస్ అంతటివాణ్ణి పిలిచి కస్టమ్ భాగాలు చేయించుకుంది కూడా ఆ కంపెనీయే. కోయమని వాళ్లే చెబితే కోశాను.

పాతపెట్టె:
పెట్టెలో ఇచ్చిన ఫెండర్ స్కర్టులు (వెనక చక్రాల్ని కప్పే రేకులు) అతికించుకోమన్నారు, రంపం తీసుకోమనలేదు.

రెండోకోటు:
తప్పొప్పులు తర్వాత, ముందు రెండో ఫొటో చూడండి. ఎడమవైపు ముందు పిల్లర్ (కప్పుని మోసే కడ్డీ) కుడివైపు కన్నా లావుగా కనిపిస్తోంది. ముందు అద్దం పక్క పిల్లర్లు వెనక్కి వాలి ఉంటాయి, వెనకవి ముందుకి వాలి ఉంటాయి. అందుకే నాలుగు మిల్లీమీటర్లు తీసి కప్పు కిందికి దించితే అది పొట్టిదైపోయి, ముక్కలు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. కప్పును నడుమ అడ్డంగా కోసి స్టైరీన్ (కిట్ ప్లాస్టిక్ అదే) పట్టీ వేయాలి. లేదంటే పిల్లర్లను ఇంకా వాల్చాలి. నువ్వు ఏం చేశావు?

చాప్‌శాస్త్రి:
రెండూ చేశాను. నడుమ పట్టీ వేశాను, ముందు పిల్లర్లు కొంచెం వాల్చాను. ఎడమవైపు లావుగా ఉన్నది పుట్టీ, ఇంకా సాన పెట్టలేదు. కోతకి ముందు రెండువైపులా మాస్కింగ్ టేపుతో గీత పెట్టుకుని, రంపం తీసే ముందు బ్లేడు వీపుతో గాడి చేశాను. పాత ప్లాస్టిక్ పెళుసు, తొందరపడితే పిల్లర్ పుటుక్కుమంటుంది. కిట్ అద్దం ఇక సరిపోదు, పారదర్శక షీటు కోసి పెట్టాలి.

పాతపెట్టె:
అంటే అద్దం కూడా పోయింది. భేష్.
నా దగ్గర 1950ల నాటి ప్రోమో కారొకటి (కార్ల షోరూముల్లో ప్రచారానికి ఇచ్చే బొమ్మ కారు) ఉండేది. అసిటేట్ ప్లాస్టిక్, కాలానికి వంకర్లు తిరిగి అరటి తొక్కలా అయిపోయింది. ఎవరూ ముట్టుకోకపోయినా వాటంతటవే పోతున్నాయి. మిగిలిన నాలుగూ మనం కాపాడుకోవద్దూ?

చాప్‌శాస్త్రి:
కాపాడటమంటే పెట్టెలో మూయడమేనా? వినైల్ టైర్లు స్టైరీన్‌కి తగిలి ఉంటే టైర్లని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ రసాయనం ఊరి ప్లాస్టిక్‌ని తినేస్తుంది. సీలు విప్పని పెట్టెలో అద్దం మీద టైరు అచ్చు పడిన కిట్లు మీరు చూడలేదా? దాని కంటే నా రంపమే నయం.

రెసిన్‌రాజు:
ఇంత గొడవెందుకు? సిలికాన్ అచ్చు తీసి, రెసిన్‌లో బాడీ పోసుకుని దాన్ని కోసుకో. అసలుది అలాగే ఉంటుంది. త్రీడీ ప్రింట్ అయినా సరే.

చాప్‌శాస్త్రి:
రెసిన్‌లో సన్న పిల్లర్లు చటుక్కున విరుగుతాయి అన్నా. స్టైరీన్ అయితే లిక్విడ్ సిమెంట్ (ప్లాస్టిక్‌ని కరిగించే జిగురు) వేస్తే రెండు ముక్కలూ కరిగి ఒకటైపోతాయి. రెసిన్‌కి ఆ సిమెంట్ పట్టదు, సూపర్ గ్లూ వేసి దేవుడి మీద భారం వేయాలి. పైగా ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

రెసిన్‌రాజు:
మాస్క్ పెట్టుకో, తడి ఎమరీ వాడు. చేతకాదని ఒప్పుకో, అయిపోతుంది.

పాతపెట్టె:
చేతకాకే కదా చేతికందిన దాన్నల్లా కోసేది.

చాప్‌శాస్త్రి:
పెట్టె మూత కూడా తీయనివాళ్లు చేతిపని గురించి క్లాసు పీకుతున్నారు! మీరు ఆఖరుసారి ఒక బాడీకి రంగు వేసిందెప్పుడు?

రెండోకోటు:
ఇద్దరూ కాస్త తగ్గండి.

పాతపెట్టె:
తగ్గను. అందరికీ ఒక సంగతి తెలియాలి. ఆ కిట్ నాది. మొదటి ఫొటోలో పెట్టె అంచున ఉన్న టేపు నేను వేసిందే. మోనోగ్రామ్ కంపెనీ కిట్లు రెండింటికి బదులుగా ఇతనికిచ్చాను. కళ్లు ఆనడం లేదు, సన్న పనికి చెయ్యి వణుకుతోంది, నేను కట్టలేను కాబట్టే ఇచ్చాను. ఫ్యాక్టరీ రంగులో, ఫ్యాక్టరీ వీల్ కవర్లతో ఒక్కసారి చూడాలనుకున్నాను. "జాగ్రత్తగా కడతాను అన్నా" అన్నాడు. ఇదా జాగ్రత్త?

స్ప్రూకట్టర్:
అదా సంగతి.

చాప్‌శాస్త్రి:
జాగ్రత్తగానే కడుతున్నాను. స్టాక్‌గా కట్టాలని మీరు ఒక్క మాటైనా అన్నారా? నేను ఎప్పుడూ కస్టమ్‌లే చేస్తానని మీకు తెలియదా? చాప్ అంటే కప్పు కోసి దించడమే, నా పేరులోనే ఉంది కదండీ. కిట్‌కి కిట్ ఇచ్చి పుచ్చుకున్నాక అది నాది. మనసులో ఉన్న షరతు నాకెలా తెలుస్తుంది?

పాతపెట్టె:
అన్నీ నోటితోనే చెప్పాలా? అమ్మితే డబ్బొచ్చేది, అమ్మలేదు. అర్థం చేసుకుంటావనుకున్నాను.

రెసిన్‌రాజు:
ఇక్కడ నేను శాస్త్రి పక్షమే. చేతులు మారాక మాటుండదు.

రెండోకోటు:
నేను కాదు. అలాంటి కిట్ అంత చవగ్గా వస్తే, ఎలా కట్టమంటారన్నా అని ఒక్క మాట అడగాల్సింది.

చాప్‌శాస్త్రి:
అడిగితే వద్దనేవాళ్లు, నేను తీసుకునేవాణ్ణే కాదు. సరే, స్టాక్ బంపర్లు, వీల్ కవర్లు నేను వాడటం లేదు. క్రోమ్ చెదరలేదు. కావాలంటే పంపుతాను.

పాతపెట్టె:
పంపు. దాంతో లెక్క సరిపోయిందనుకోకు. ఇకమీదట ఎవరికి కిట్ ఇచ్చినా ఎలా కడతారో రాయించుకునే ఇస్తాను.

స్ప్రూకట్టర్:
రాసిచ్చి కూడా కప్పు కోసేస్తే?