చిన్న చెక్క పటమైతే సొంత పూజకేనా? (ఇటలీ, 13–14 శతాబ్దాలు)

రంగులగిన్నె: నా లెక్కలో అవును. న్యూయార్క్ మెట్ మ్యూజియం 2004లో కొన్న, సియెనా చిత్రకారుడు దూచ్చో వేసిన మరియమ్మ పటం ఫ్రేమ్‌తో కలిపి దాదాపు 28 × 21 సెం.మీ. ఫ్రేమ్ కింది అంచు కొవ్వొత్తి సెగకు కాలి ఉంది. చేతికి అందేంత దగ్గర పెట్టుకుని ప్రార్థించిన పటమే కదా!

పాతచెక్క: ఆ ఒక్కదానికి ఒప్పుకుంటాను, అదీ సైజు వల్ల కాదు, అసలు ఫ్రేమ్ మిగిలి ఉండి, పెద్దదాని ముక్క కాదని తెలియడం వల్ల. కాలిన మచ్చ వాడకాన్ని చెబుతుంది, చోటును కాదు. చర్చి బల్ల మీదా కొవ్వొత్తులుంటాయి. సైజు సంగతంటారా, న్యూయార్క్‌లోనే ఫ్రిక్ మ్యూజియంలో ఉన్న దూచ్చో 'క్రీస్తు శోధన' ఎత్తు 43 సెం.మీ. అది సియెనా కెథెడ్రల్ ప్రధాన బలిపీఠానికి 1311లో చేరిన 'మయెస్తా' అనే పెద్ద బలిపీఠ చిత్రంలో ముక్క. 1771లో దాన్ని రంపంతో విడగొట్టారు. లండన్ నేషనల్ గ్యాలరీలోని దూచ్చో పటానికి మధ్య పలక, రెండు పక్కలా మూసే రెక్కలు. ఆ మధ్య పలక ఎత్తు దాదాపు 61 సెం.మీ. అయినా రెక్కలు మూసి వెంట తీసుకెళ్లేదే. పెద్దది సొంతానికి, చిన్నది చర్చికి!

రంగులగిన్నె: మరి అదే కాలపు చిత్రకారుడు చిమబూయె పటం? 2019లో ఫ్రాన్స్‌లోని కాంపియెన్‌లో వంటగదిలో దొరికింది కూడా దాదాపు 26 × 20 సెం.మీ.యే.

పాతచెక్క: అది విడి పటమే కాదండీ. లండన్‌లో, ఫ్రిక్‌లో ఉన్న చిమబూయె ముక్కలతో దీని పురుగు తొలిచిన సొరంగాలు కలిశాయి. ఎనిమిది ఘట్టాల జంట పలకలో భాగమని ఎక్కువమంది అంచనా.

సుద్దపూత: అంచులు చూడకుండా వాదించి లాభం లేదు. పాప్లర్ పలకకు ముందే ఫ్రేమ్ బిగించి, జిగురు కలిపిన జిప్సం సుద్ద పూతలు పూతలుగా వేసేవారు. ఫ్రేమ్ పలకను కలిసే చోట సుద్ద పేరుకుని, ఫ్రేమ్ ఊడాక సన్నని గట్టుగా మిగులుతుంది. నాలుగు వైపులా గట్టుంటే బొమ్మ అక్కడితో పూర్తి. రెండు పక్కలే ఉంటే పెద్ద పలక మూల అనుకోవచ్చు. గట్టు లేకుండా రంగు మధ్యలోంచి కోత పోతే, పక్క అంచున పురుగు సొరంగం పొడవునా తెరుచుకుంటే, రంపం పడినట్టే.

వెనక వైపు మాత్రం తేలిగ్గా నమ్మకండి. వంగిన పలకను సరిచేయాలని తర్వాతివాళ్లు వెనక చెక్కి పలచన చేసి చట్రం అతికించేవారు. మడతబందు గుంటలూ, మూసినప్పుడు బయటికి రాయిలా కనబడేలా వెనక వేసిన రంగూ ఆ చెక్కుడులోనే పోతాయి. కాబట్టి బందు గుర్తు కనబడలేదని 'విడి పటం' అనేయకూడదు.

రంగులగిన్నె: సరే, సైజు వాదన వదిలేశాను. కానీ లండన్ పటం సొంతానిదే అనడానికి ఆధారం? రెక్కలు చర్చి వస్తువులకూ ఉంటాయిగా.

పాతచెక్క: రెక్కల మీద సెయింట్ డొమినిక్, ఎదురుగా ఓస్తియా ఊరి సెయింట్ ఆరియా. మామూలుగా జత కుదరని ఇద్దరు. డొమినికన్ సన్యాసి, ఓస్తియా బిషప్ అయిన కార్డినల్ నిక్కొలో ద ప్రాతో కోసమే అని పండితులు ఊహించింది అందుకే. రుజువు కాదు, బలమైన ఊహ.