ఫ్రెంచ్‌లో మారిన మూలవాసుల పేర్లను తెలుగులో ఎలా రాయాలి?

కెనడాలోని క్యుబెక్ చరిత్రపై వచ్చిన కొన్ని ఫ్రెంచ్ వ్యాసాలను తెలుగులోకి అనువదిస్తున్నాను. పాత వ్యాసాల్లో ‘మొంతాన్యే’ అని కనిపించే ప్రజలను నేటి రచనల్లో వారి సొంత పేరైన ‘ఇన్నూ’తోనే పిలుస్తున్నారు, ‘ఎస్కిమో’ స్థానంలో ‘ఇన్యుయిట్’ స్థిరపడగా, పలు మూలవాసి జాతులకు కలిపి వాడిన ‘ఆమెరిందియాఁ’ (అమెరికా ఇండియన్) క్రమంగా వెనకబడి ‘ఒతొక్తొన్’ (మూలవాసి) ముందుకు వచ్చింది. మూలవాసులకు సంబంధించి కెనడా 1876లో చేసిన ‘ఇండియన్ చట్టం’ మాత్రం, విచారకరమే అయినా, ఇప్పటికీ ఆ పేరుతోనే అమల్లో ఉంది.

పాత పత్రాలను ఉటంకించేటప్పుడు నాటి పేరును అలాగే ఉంచి పక్కన నేటి పేరు ఇవ్వాలా, లేక అంతటా నేటి పేరే రాయాలా? ఆ ప్రజలు వద్దనుకున్న పేరును తెలుగులో మళ్లీ నిలబెట్టడం నాకు సమ్మతం కాదు; అలాగని మూలంలోని మాటను చెరిపివేయడమూ సరికాదనిపిస్తోంది. ఇలాంటి అనువాదాలు చేసిన పెద్దలు తాము పాటించిన పద్ధతిని ఉదాహరణలతో వివరించవలసిందిగా కోరుతున్నాను.