వంగిన లోయర్ ఆర్మ్‌ను కోసి వెల్డింగ్ చేయించవచ్చా?

ప్రశ్న (రాజోలు): అన్నా, మొన్న వానల్లో మా పాత చిన్న కారు గట్టు రోడ్డు మీద గోతిలో గట్టిగా పడింది. అప్పటి నుంచి ఎడమకి లాగేస్తోంది. ఎడమ ముందు టైరు బయటి అంచు అరిగిపోతోంది. అలైన్‌మెంట్‌లో టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా) సరిచేశారు గానీ క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకి ఒరిగే కోణం) రావట్లేదన్నారు. మా ఊళ్లో రొయ్యల చెరువుల ఏరేటర్లకు ఫ్రేములు కట్టే వెల్డర్ ఉన్నాడు, పనితనం బాగుంటుంది. లోయర్ ఆర్మ్‌ను (చక్రాన్ని కింద నుంచి బండి చట్రానికి కలిపే చేయి) కోసి అర అంగుళం ముక్క అతికితే చక్రం సరిగ్గా నిలబడుతుందంటున్నాడు. చేయించేదా?

జవాబు (అమలాపురం): వద్దు తమ్ముడూ. అతని లెక్కలో తప్పు లేదు. ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసి ఉండే నిలువు భాగం) ఉన్న చిన్న కార్లలో ఆర్మ్ అర అంగుళం పెరిగితే క్యాంబర్ సుమారు ఒక డిగ్రీ మారుతుంది. కానీ ఏరేటర్ ఫ్రేము మీద పడే బరువు వేరు, దీని మీద పడేది వేరు. బ్రేక్ తొక్కిన ప్రతిసారీ, గోతిలో దిగిన ప్రతిసారీ ఆర్మ్‌ను ముందుకీ వెనక్కీ పక్కకీ గుంజుతుంది. అతుకు పైకి ఎంత నున్నగా ఉన్నా, దాని అంచున వేడికి గుణం మారిన ఇనుములో సన్నటి పగులు మొదలవుతుంది. నెలల తరబడి తెలియదు, ఒకరోజు విరుగుతుంది. అప్పుడు చక్రం అడ్డం తిరుగుతుంది, స్టీరింగ్ పట్టుకుని లాభం ఉండదు. మన రోడ్లకి ఒకవైపు పంట కాలువ, ఇంకోవైపు చెరువు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి, ఆలోచించు.

ఆర్మ్ పోత ఇనుముదైతే మామూలు రాడ్డుతో పెట్టిన వెల్డింగ్ చల్లారేటప్పుడే పగిలే ప్రమాదం ఉంది. రేకు ఆర్మ్ అయితే ఉప్పు గాలికి లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. అంతర్వేది వైపు తిరిగే బండ్లలో పెయింట్ కింద స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోయినవి చూశాను. ఆ రేకుకి అతుకేం నిలుస్తుంది?

అసలు వంగింది ఆర్మేనా? రెండువైపులా బుష్ (ఆర్మ్ చట్రానికి తగిలే చోట ఉండే రబ్బరు) బోల్టు నుంచి బాల్ జాయింట్ (చక్రం వైపు చివర తిరిగే గుండు కీలు) దాకా టేపు పెట్టి కొలువు. తేడా లేకపోతే స్ట్రట్ గానీ నకుల్ (చక్రం బిగించే దిమ్మ) గానీ వంగి ఉంటుంది, లేదా సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించే కింది చట్రం) జరిగి ఉంటుంది. అలాంటప్పుడు ఆర్మ్ పొడుగు చేస్తే ఒక వంకర మీద ఇంకో వంకర పెట్టినట్టే.

ప్రశ్న (భీమవరం): ర్యాలీ కార్లకి, జీపులకి మారుస్తారు కదండీ?

జవాబు (అమలాపురం): ర్యాలీ వాళ్లు పాతదాన్ని సాగదీయరండీ. జిగ్ (కొలత తప్పకుండా పట్టి ఉంచే అచ్చు) మీద కొత్త ఆర్మే తయారుచేస్తారు, పగుళ్లు కనపడే రంగు పూసి అతుకులు పరీక్షిస్తారు, పోటీ అయ్యాక మళ్లీ విప్పి చూస్తారు. మన రోడ్డు బండిని అలా ఎవరు చూస్తారు? పైగా మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే.

ప్రశ్న (రాజోలు): సరే అన్నా, కొలిచాను. ఎడమ ఆర్మే పొట్టిగా ఉంది. కొత్తది ఇంట్లో నేనే వేసుకోవచ్చా? విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్‌ది చవగ్గా దొరుకుతుందంటున్నారు.

జవాబు (అమలాపురం): సెకండ్‌హ్యాండ్‌ది వద్దు. అది గుద్దేసిన బండిలోంచి తీసిందో కాదో మనకి తెలియదు. బుష్‌లు, బాల్ జాయింట్‌తో కలిపి కొత్త ఆర్మ్ తీసుకో. విప్పడం, బిగించడం చేతనైతే వేసుకోవచ్చు. కానీ మట్టి నేల మీద జాకీ పెట్టకు, మన లంక నేల వానాకాలంలో దిగబడిపోతుంది. సిమెంటు గచ్చు మీదే పెట్టి, స్టాండు మీద దింపాకే కిందికి దూరు.

చాలామంది పొరపాటు చేసేది బుష్ బోల్టుల దగ్గర. చక్రం గాలిలో వేలాడుతుండగా వాటిని పూర్తిగా బిగిస్తే, బండి దించాక రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ముందు వదులుగా పెట్టు, బండి బరువు చక్రాల మీద పడ్డాక మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించు. లాక్ నట్లు, పిన్నులు కొత్తవే వాడు. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించి, క్యాంబర్ చీటీ ఇక్కడ పెట్టు, చూస్తాను. అప్పటికీ రాకపోతే స్ట్రట్ విప్పాల్సిందే.