రాత్రి భోజనానికి కర్రీ పాయింట్ తగ్గించాలంటే?

సాయంత్రం_ఏడున్నర:
నలుగురం. ఇద్దరం ఆఫీసుల నుంచి వచ్చేసరికి ఏడున్నర, ఎనిమిదిన్నరకల్లా పిల్లలు తినేయాలి. వారంలో మూడు రోజులు కర్రీ పాయింట్, ఒకరోజు బయటి ఆర్డర్. పూర్తిగా మానాలని కాదు, తగ్గిస్తే చాలు. ఇంట్లో వండితే రెండు చిక్కులు: టమాటా పప్పు ఐదు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోంది. ఆదివారం రుబ్బిన దోసెల పిండి బుధవారానికి నోట్లో పెట్టలేనంత పులిసిపోతోంది.

పోపుగింజ:
టమాటా, చింతపండు పప్పుతో పాటే కుక్కర్లో వేస్తున్నారేమో చూడండి. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు, ఎన్ని విజిల్స్ వచ్చినా అంతే. బోరు నీళ్లు కూడా ఇదే పని చేస్తాయి, వాటిలో కాల్షియం ఎక్కువ కదా. తాగే నీళ్లు పోయండి. ఏళ్ల తరబడి నిలవున్న పప్పయితే మాత్రం ఏం చేసినా మొండిగానే ఉంటుంది.

ఇంట్లో అడుగుపెట్టగానే ముప్పావు గ్లాసు కందిపప్పు కడిగి వేడినీళ్లలో 20 నిమిషాలు నానెయ్యండి. తర్వాత రెండు గ్లాసుల నీళ్లు, పసుపు, అర చెంచా నూనె. నూనె వేస్తే నురగ పొంగి విజిల్లోంచి కారదు. విజిల్స్ లెక్కపెట్టడం కంటే, మొదటిది రాగానే మంట తగ్గించి 10 నిమిషాలు ఉంచడం నయం. అన్నం పై గిన్నెలో పెట్టేట్టయితే పప్పు తప్పకుండా నానాలి, లేకపోతే పప్పు ఉడికేసరికి అన్నం ముద్దయిపోతుంది.

ఆవిరి దానంతటదే దిగేలోపు మూకుట్లో పోపు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, మూడు టమాటాలు మగ్గించి పప్పులో కలిపి, ఉప్పు వేసి ఒక్క ఉడుకు రానివ్వండి.

రుబ్బురోలు:
పిండి మొత్తాన్ని ఒకేసారి పులియబెట్టడం వల్ల వచ్చిన తిప్పలు అవి. మూడు గ్లాసుల బియ్యానికి గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు వేసి రుబ్బాక రెండు డబ్బాల్లోకి తీయండి. ఒకటి బయట, రెండోది ఉప్పు వేయకుండా నేరుగా ఫ్రిజ్‌లోకి. అది కావలసిన రోజుకి ముందు రాత్రి బయట పెట్టి, పొంగగానే మళ్లీ లోపల పెట్టేయండి. ఎండాకాలంలో ఐదారు గంటలు చాలు, చలికాలంలో 12 పట్టొచ్చు. డబ్బా సగమే నింపాలి.

పులిసిన పిండిని పారబోయకండి. గుప్పెడు బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం కలిపి ఊతప్పం వేస్తే పులుపు అంతగా తెలియదు. సోడా వేస్తే పులుపు తగ్గుతుంది గానీ దోసె తొందరగా మాడుతుంది.

కంచం_దగ్గర:
కర్రీ పాయింట్‌కి వెళ్లినా అన్నం, పప్పు, పెరుగు కొనకండి. అవి ఇంట్లో చవగ్గా, సులువుగా అవుతాయి. తరగడానికే అరగంట తినేసే దొండకాయ వేపుడు, గుత్తివంకాయ లాంటివి ఒక్కటే తెచ్చుకోండి. సాయంత్రం వండినవేనా అని అడిగి మరీ తీసుకోవాలి, మధ్యాహ్నం మిగిలినవి మళ్లీ వేడిచేసి పెట్టే చోట్లున్నాయి. కొబ్బరి వేసిన పచ్చడి రాత్రిపూట వద్దు. స్టీలు క్యారియర్ పట్టుకెళ్తే పొగలు కక్కే పులుసు ప్లాస్టిక్ కవర్లో పోయించుకునే పని తప్పుతుంది.

బయట కూర్చుని తిన్నప్పుడు బిల్లు ఓసారి చూసుకోండి. మామూలు హోటళ్లలో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జి ఇవ్వడం మాత్రం మీ ఇష్టం, వద్దంటే తీసేయాలని 2022 జూలైలోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది.

సాయంత్రం_ఏడున్నర:
టమాటాలు పప్పులోనే వేస్తున్నాం, నీళ్లు కూడా బోరువే! మరి బెండకాయ వేపుడు జిగురు కాకుండా అరగంటలో అవుతుందా?

పోపుగింజ:
అవుతుంది. ముందురోజు రాత్రే కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరాకే తరిగి డబ్బాలో పెట్టుకోండి. వెడల్పు మూకుడులో మూత పెట్టకుండా వేయించాలి. ఉప్పు ముందే వేస్తే నీరొచ్చి జిగురు సాగుతుంది. ముక్క రంగు మారాక ఉప్పు, దించే రెండు నిమిషాల ముందు కారం, కొట్టిన వెల్లుల్లి వేస్తే చాలు.