ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లు: పొరపాటు తప్పింది, చెప్పాలా?

నేను వార్డు నర్సుని. నిన్న రాత్రి ఒకరి ఇన్సులిన్ పక్క పడకలో అదే పేరున్న ఇంకొకరికి ఇవ్వబోయాను. చేతి బ్యాండు చూసి ఆగాను. ఇంకా టెన్షన్ తగ్గలేదు. పై వాళ్లకు చెప్పాలా?

జవాబు: తప్పకుండా చెప్పండి. ఒకే పేరువాళ్లను పక్కపక్కన పెట్టడమే అసలు లోపం. మీరు రాస్తేనే అది బయటపడుతుంది. ఇంకోటి, పేరు, పుట్టిన తేదీ పేషెంట్‌తోనే చెప్పించండి. “ఫలానా మీరేనా?” అంటే మగతలో ఉన్నవాళ్లు ‘ఊ’ అనేస్తారు. నేను చూశాను.

జవాబు: ఇన్సులిన్‌కి రెండో నర్సు కూడా సరిచూడాలి. మా ఆపరేషన్ థియేటర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్ట్‌ను పైకి చదువుతాం: మత్తుకు ముందు, కోతకు ముందు, పేషెంట్‌ను బయటికి పంపే ముందు.

అడిగినవారు: రిపోర్ట్ రాశానండీ. హెడ్ నర్సు గారు తిట్టలేదు, వెంటనే ఒకరి పడక మార్పించారు.